డీఎక్స్2: మనిషి కణాల మీద ఫాస్‌ని పట్టే యాంటీబాడీ ఎందుకు కొనాలి, ఎందుకు కొనకూడదు

ఫాస్ అనేది కణం ఉపరితలం మీద ఉండే రిసెప్టర్, దాన్ని తట్టిలేపితే కణం చావుబాట పట్టగలదు. ఫ్లో సైటోమెట్రీలో, అంటే కణాల్ని ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపి వెలుగు కొలిచే పద్ధతిలో, మనిషి ఫాస్ రిసెప్టర్ చూడాలనుకుంటే ముందుగా చేతికొచ్చే క్లోన్ (ఒకే కణవంశం నుంచి వచ్చే యాంటీబాడీ) డీఎక్స్2. ఇది మౌస్ మోనోక్లోనల్, ఐజీజీ1 కప్పా. బయోలెజెండ్, బీడీ వంటి పెద్ద కంపెనీలన్నీ దీన్ని లేజర్ కింద వెలిగే రకరకాల రంగులు కట్టి అమ్ముతాయి. మా తీర్పు ముందే చెప్పేస్తాం. బతికున్న కణాల ఉపరితలం మీద ఫాస్ ఉందా లేదా, ఉంటే ఎంత అని చూడడానికి దీనికి మించింది వెతుక్కోనక్కర్లేదు. వెస్టర్న్ బ్లాట్‌కి (ప్రొటీన్లని జెల్ మీద విడదీసి చూసే పద్ధతికి) మాత్రం కొనకండి. కణాల్ని చంపడానికి వాడొచ్చు గానీ అది దీనికి అంతగా నప్పే పని కాదు. ఇక ట్యూబులో ఫాస్ కనబడింది కాబట్టి ఆ కణం చావుకి సిద్ధంగా ఉందని రాసేస్తే అది యాంటీబాడీ తప్పు కాదు, చదివినవాళ్ల తప్పు.

కొనేటప్పుడే ఒక గొయ్యి ఉంది. ఈ రిసెప్టర్‌కి పేర్లు చాలా: ఫాస్, సీడీ95, అపో-1, టీఎన్ఎఫ్ఆర్ఎస్ఎఫ్6. 1989లో జపాన్‌లో యొనెహరా బృందం, జర్మనీలో క్రామర్ బృందం విడివిడిగా, కణాల్ని చంపే యాంటీబాడీలు తయారుచేసి దీన్ని పట్టుకున్నాయి కాబట్టి ఫాస్, అపో-1 అనే రెండు పేర్లు నిలిచిపోయాయి. జీన్‌ని 1991లో నగాటా బృందం క్లోన్ చేసింది. పేర్లు ఎక్కువైనా ఫరవాలేదు, అసలు చిక్కు వేరు. కేటలాగులో ఎఫ్ఏఎస్ అని కొడితే ఫ్యాటీ యాసిడ్ సింథేజ్ యాంటీబాడీలు కూడా వరసగా వచ్చి పడతాయి. అది సుమారు 270 కిలోడాల్టన్ల ఎంజైమ్, కొవ్వు తయారుచేసేది, చావుతో దానికి సంబంధమే లేదు. పర్చేజ్ సెక్షన్‌కి ఇండెంట్ రాసేటప్పుడు "యాంటీ-ఫాస్" అని వదిలేయకుండా "యాంటీ-హ్యూమన్ సీడీ95, క్లోన్ డీఎక్స్2" అని రాసి పక్కన కేటలాగ్ నంబరు, రంగు, ఎన్ని టెస్టుల ప్యాకో కూడా రాయండి.

క్లోన్ పేరు ఎందుకంత ముఖ్యమంటే ఒకే రిసెప్టర్‌ని పట్టుకునే యాంటీబాడీలు ఒక్కోటి ఒక్కో పని చేస్తాయి. సీహెచ్11 ఐజీఎం. పది చేతులతో రిసెప్టర్లని ఒకచోటికి లాగుతుంది కాబట్టి తగిన కణమైతే దానంతట అదే చంపేస్తుంది. ఈఓఎస్9.1 కూడా ఐజీఎంమే, అదీ చంపేదే. జెడ్‌బీ4 ఐజీజీ1, అది అడ్డుపడుతుంది. అంటే ఫాస్ లైగాండ్ (ఒంట్లో ఫాస్‌కి సహజంగా అతుక్కుని దాన్ని తట్టిలేపే ప్రొటీన్) వల్లే చావు వచ్చిందా అని రుజువు చేయడానికి వాడేది. డీఎక్స్2 ప్రధానంగా చూడడానికి. ఒకదాని బదులు ఇంకొకటి తెప్పించుకుని "ఫాస్ యాంటీబాడీ పనిచేయలేదు" అనుకుంటే లాభం లేదు. మౌస్ కణాల మీద డీఎక్స్2 పట్టదు, అక్కడ జో2 కావాలి. రీసస్ కోతి కణాల మీద మాత్రం డీఎక్స్2 బాగానే పడుతుంది.

రంగు ఎంచుకోవడంలో పొదుపు చేయకండి. జర్కాట్ (ల్యాబులో పెంచే మనిషి టీ కణాల వంశం) కణాల మీద అయితే ఫిట్సీ అనే మామూలు రంగుతో కూడా చక్కని శిఖరం వస్తుంది, ఏదైనా నడుస్తుంది. రక్తంలోని టీ కణాల దగ్గరకి వచ్చేసరికి ఫాస్ రెండు విడి గుంపులుగా కనబడదు. నైవ్ కణాల్లో (శత్రువుని ఇంకా చూడనివి) దాదాపు లేనట్టు మొదలై మెమరీ కణాల (ఒకసారి చూసి గుర్తుంచుకున్నవి) దాకా జారుడుబల్లలా సాగుతుంది. అక్కడ ఫిట్సీ పెడితే గీత ఎక్కడ గీయాలో తెలియదు. పీఈ గానీ, ఏపీసీ గానీ, వయొలెట్ లేజర్ ఉంటే బీవీ421 గానీ పెట్టండి. ప్యానెల్లో, అంటే కలిపి వాడే రంగుల జాబితాలో, బీవీ421 లాంటి బ్రిలియంట్ రంగులు రెండో మూడో ఉంటే వాటి ప్రత్యేక స్టెయిన్ బఫరు తప్పనిసరి, లేకపోతే రంగులు ఒకదానికొకటి అంటుకుని లేని డబుల్ పాజిటివ్‌లు పుట్టుకొస్తాయి. పీఈ-సై7 లాంటి జంట రంగుల్ని వెలుతురులో గానీ ఫిక్సేటివ్‌లో గానీ ఎక్కువసేపు ఉంచితే విడిపోయి పీఈ చానెల్లోకి సిగ్నల్ కారుస్తాయి.

ప్యాకు మీద "100 టెస్టులు" అని ఉంటుంది. ఆ టెస్టు అనే మాట కంపెనీని బట్టి మారుతుంది. బయోలెజెండ్ వాళ్ల రంగు కట్టిన డీఎక్స్2ని 100 మైక్రోలీటర్లలో 10 లక్షల కణాలకి 5 మైక్రోలీటర్లు పోయమంటారు. బీడీ వాళ్ల పీఈ వయల్‌కి 20 మైక్రోలీటర్లు. ఒక ప్రొటోకాల్ చూసి ఇంకో వయల్ నుంచి పోస్తే లెక్క నాలుగింతలు తప్పుతుంది. రెండూ కంపెనీవాళ్లు జాగ్రత్తకి కాస్త ఎక్కువే చెప్పిన లెక్కలు కాబట్టి మీ కణాలమీద, మీ మెషీన్‌మీద టైట్రేషన్ (రకరకాల మోతాదులు పెట్టి సరైనది తేల్చుకోవడం) చేసుకోవడమే మేలు. దానికి ఖర్చయ్యేది రెండు టెస్టుల యాంటీబాడీ.

5 మైక్రోలీటర్ల వయల్‌కి ఇలా చేయొచ్చు. అయిదు ట్యూబులు వరసగా పెట్టండి. మొదటి దాంట్లో 90 మైక్రోలీటర్ల బఫరు, 10 మైక్రోలీటర్ల యాంటీబాడీ. మిగతా నాలుగింట్లో 50 మైక్రోలీటర్ల బఫరు. మొదటి దాంట్లోంచి 50 తీసి రెండో దాంట్లో కలపండి, అందులోంచి 50 మూడోదానికి, అలా చివరిదాకా వెళ్లి ఆఖరి ట్యూబులోంచి 50 పారబోయండి. ఇప్పుడు ప్రతి ట్యూబులో 50 మైక్రోలీటర్లు మిగిలి, వాటిలో వరసగా 5, 2.5, 1.25, 0.62, 0.31 మైక్రోలీటర్ల యాంటీబాడీ ఉంటుంది. పిపెట్‌తో 0.3 కొలవాల్సిన బాధ తప్పింది. యాంటీబాడీ లేని ఆరో ట్యూబు కూడా పెట్టి, అన్నింట్లో 50 మైక్రోలీటర్లలో 10 లక్షల కణాల చొప్పున వేయండి. జర్కాట్ మీద టైట్రేట్ చేయకండి, అందులో నెగటివ్ గుంపు ఉండదు. పీబీఎంసీ (రక్తం నుంచి వేరుచేసిన లింఫోసైట్లు, మోనోసైట్లు) తీసుకుని, టీ కణాల రకాల్ని గుర్తుపట్టే సీడీ3, సీడీ45ఆర్ఏ, సీసీఆర్7 యాంటీబాడీలు కూడా వేస్తే నైవ్ కణాలు నెగటివ్‌గా, సీడీ45ఆర్ఏ లేని మెమరీ కణాలు పాజిటివ్‌గా అక్కడే దొరుకుతాయి. పాజిటివ్ మీడియన్‌లోంచి నెగటివ్ మీడియన్ తీసేసి, నెగటివ్ గుంపు స్టాండర్డ్ డీవియేషన్‌కి రెండింతలతో భాగిస్తే స్టెయిన్ ఇండెక్స్ వస్తుంది. అది గరిష్ఠంగా ఉన్న మోతాదే మీది. పావు మోతాదులో కూడా అదే ఇండెక్స్ వస్తే 100 టెస్టుల వయల్ 400కి వస్తుంది. ఇంత తేలిక పని వదిలేసి కొత్త వయల్‌కి ఇండెంట్ పెట్టడం ఎందుకో అర్థం కాదు.

స్టెయినింగ్‌లో కొత్త విద్యేమీ లేదు గానీ రెండు మూడు చోట్ల ఫాస్‌కే ప్రత్యేకమైన తకరారు ఉంది. బఫరు మామూలే: పీబీఎస్, 2 శాతం సీరం, 2 మిల్లీమోలార్ ఈడీటీఏ. మోనోసైట్లు ఉన్న శాంపిల్ అయితే ముందు ఎఫ్‌సీ బ్లాక్ వేసి పది నిమిషాలు ఆగండి, లేదంటే యాంటీబాడీ తోకని అవి ఎఫ్‌సీ రిసెప్టర్లతో పట్టుకుంటాయి. తర్వాత డీఎక్స్2 వేసి ఐసు మీద, చీకట్లో 20 నుంచి 30 నిమిషాలు. 2 మిల్లీలీటర్ల బఫరుతో కడిగి, 300 జీ మీద 5 నిమిషాలు తిప్పి, ఇంకోసారి కడిగితే చాలు. ఐసు మీదే ఎందుకంటే, రెండు చేతులున్న యాంటీబాడీ రిసెప్టర్లని జంటలుగా పట్టుకుంటుంది. వెచ్చగా ఉంటే అవి గుమిగూడి లోపలికి వెళ్లిపోవచ్చు, సిగ్నల్ తగ్గుతుంది. ఇక్కడ సీసీఆర్7తో పేచీ వస్తుంది. దానికి 37 డిగ్రీలు ఇష్టం. అందుకని ముందు సీసీఆర్7 ఒక్కటే వేసి 37 డిగ్రీల్లో 10 నుంచి 15 నిమిషాలు ఉంచి, ఆ తర్వాత ట్యూబు ఐసులోకి దించి డీఎక్స్2, మిగతావి వేయండి. అన్నీ కలిపి ఒకే కాక్‌టెయిల్‌గా 37లో పెట్టేయడం సుఖంగానే ఉంటుంది, ఫాస్ సిగ్నల్ మాత్రం రోజుకోలా వస్తుంది.

చచ్చిన కణాల్ని తీసేయకుండా ఫాస్ గురించి మాట్లాడొద్దు. పొర చిరిగిన కణం ఏ యాంటీబాడీనైనా పీల్చేస్తుంది, చావు ప్రయోగాల్లో అలాంటివి దండిగా ఉంటాయి. చచ్చిన కణాల్ని పట్టిచ్చే డ్యాపీ గానీ ఫిక్సబుల్ డై గానీ పెట్టండి. డీఎక్స్2 పీఈలో ఉన్నప్పుడు అదే పనికి ప్రొపీడియం అయొడైడ్ వాడితే దాని వెలుగు పీఈ చానెల్ మీదే పడుతుంది, ఆ జోడీ వద్దు.

అనెక్సిన్‌తో కలిపి చేసేవాళ్లు తరచుగా ఇరుక్కునే చోటు ఇంకోటుంది. అనెక్సిన్ చావు మొదలైన కణాల్ని పట్టిచ్చే ప్రొటీన్. అలాంటి కణం పొర బయటికి తేలే ఫాస్ఫాటిడిల్‌సెరీన్ అనే కొవ్వుని అది పట్టుకోవాలంటే కాల్షియం ఉండాలి. మామూలు ఫ్లో బఫరులోని ఈడీటీఏ ఆ కాల్షియాన్ని మింగేస్తుంది. జర్కాట్‌కి సీహెచ్11 ఇచ్చి గంటల తరబడి ఎదురుచూసి, చివరికి అనెక్సిన్ నెగటివ్ అని తేల్చినవాళ్లలో కొందరి తప్పు ఆ బఫరులోనే ఉంటుంది. ముందు ఈడీటీఏ బఫరులో ఐసు మీద డీఎక్స్2 పూర్తిచేయండి. తర్వాత అనెక్సిన్ బైండింగ్ బఫరుతో, అంటే 10 మిల్లీమోలార్ హెపీస్, 140 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, 2.5 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ ఉన్న దాంతో రెండుసార్లు కడిగి అందులోనే అనెక్సిన్ వేయండి. మెషీన్ మీదకి కూడా ఆ బఫరులోనే తీసుకెళ్లాలి.

ఇంకా ఒక మెలిక. సీహెచ్11తోనో ఫాస్ లైగాండ్‌తోనో తడిపిన కణాల మీద డీఎక్స్2 తక్కువ చూపిస్తే ఫాస్ తగ్గిందని రాయకండి. రిసెప్టర్ లోపలికి వెళ్లి ఉండొచ్చు, లేదా యాంటీబాడీ కూర్చునే చోటు ఇప్పటికే నిండి ఉండొచ్చు. రంగు లేని డీఎక్స్2 వేసి ఆ తర్వాత యాంటీ-మౌస్ సెకండరీతో (మౌస్ యాంటీబాడీని పట్టుకునే, రంగు కట్టిన రెండో యాంటీబాడీతో) చూసేవాళ్లకి దీనికి తలకిందులైన తప్పు ఎదురవుతుంది. సీహెచ్11 కూడా మౌస్‌దే కాబట్టి సెకండరీ దాని లైట్ చెయిన్‌నీ పట్టుకుని, లేని పెరుగుదలని చూపిస్తుంది. ఇలాంటి ప్రయోగంలో రంగు నేరుగా కట్టిన డీఎక్స్2 వాడడమే దారి, పక్కన సీహెచ్11 మాత్రమే ఇచ్చిన కంట్రోల్ ఉండాలి.

కంట్రోళ్ల విషయంలో రక్తం మనకి చాలా కలిసొస్తుంది. హోల్ బ్లడ్‌లో న్యూట్రోఫిల్స్ పుట్టుకతోనే ఫాస్ బాగా మోస్తాయి, అవి పాజిటివ్. నైవ్ టీ కణాలు నెగటివ్. రెండూ ఒకే ట్యూబులో ఉంటాయి కాబట్టి ఈ రోజు యాంటీబాడీ పనిచేసిందా లేదా అన్నది అక్కడే తేలుతుంది. ఫికోల్ మీద వేసి పీబీఎంసీ వేరుచేసిన శాంపిల్‌లో న్యూట్రోఫిల్స్ పోతాయి, ఆ సౌకర్యం ఉండదు. బొడ్డుతాడు రక్తం టీ కణాల్లో అధికభాగం ఫాస్ తక్కువే చూపిస్తాయి, నెగటివ్‌గా అదీ బాగుంటుంది. ఐసోటైప్ కంట్రోల్ (అదే రకం యాంటీబాడీ, కాని ఫాస్‌ని పట్టనిది) మోప్సీ-21 పెట్టుకుంటే తప్పులేదు గానీ గేటు (పాజిటివ్, నెగటివ్‌లని విడదీసే గీత) దాన్నిబట్టి గీయకండి. డీఎక్స్2 ఒక్కటి వదిలేసి మిగతా రంగులన్నీ వేసిన ఎఫ్ఎంఓ ట్యూబే నమ్మదగింది.

ఈ గేటు సంగతి ముఖ్యంగా స్టెమ్ సెల్ మెమరీ టీ కణాల దగ్గర తేలాలి. 2011లో మనుషుల్లో వర్ణించిన ఈ కణాలు రక్తంలోని టీ కణాల్లో 2, 3 శాతం మాత్రమే. సీడీ45ఆర్ఏ, సీసీఆర్7, సీడీ27, సీడీ28 అన్నీ నైవ్ కణాల్లాగే చూపిస్తాయి, వాటిని విడదీసేది ప్రధానంగా సీడీ95. గేటు చిటికెడు ఎడమకి జరిపితే శాతం రెండింతలవుతుంది. అలా జరిపిన గేట్లమీద రోగులకీ ఆరోగ్యవంతులకీ తేడా చూపించడం పేకమేడే. ప్రతి దాత శాంపిల్‌కీ ఎఫ్ఎంఓ పెట్టి, ఆ దాత నైవ్ గుంపు కుడి అంచు చూసి గీత గీయండి. సీడీ122 కూడా వేస్తే రెండో సాక్షి దొరుకుతుంది.

గిన్నెకి అతుక్కుని పెరిగే కణాలకి వస్తే ట్రిప్సిన్ జాగ్రత్త. ఉపరితల ప్రొటీన్లని అదీ ఇదీ అని చూడకుండా కొరుకుతుంది. ఈడీటీఏతో గానీ అక్యుటేజ్‌తో గానీ లేపండి. ట్రిప్సిన్ తప్పకపోతే ఒక్కసారైనా రెండు పద్ధతులూ పక్కపక్కన పెట్టి ఎంత పోతోందో చూసుకోండి. హెచ్‌టీ-29 లాంటి పేగు క్యాన్సర్ కణాల్లో ఫాస్‌ని ఇంటర్‌ఫెరాన్ గామా పెంచుతుంది. అలా ఇచ్చినవి, ఇవ్వనివి రెండూ నడిపితే యాంటీబాడీకి మంచి పరీక్ష. కె562 అనే లుకేమియా కణవంశంలో ఫాస్ చాలా తక్కువ, చవకగా దొరికే నెగటివ్. నిజంగా నోరు మూయించే నెగటివ్ కావాలంటే మాత్రం ఫాస్ జీన్‌ని క్రిస్పర్‌తో తీసేసిన మీ సొంత కణమే. ఎంఆర్ఎన్ఏని లెక్కపెట్టే క్యూపీసీఆర్‌తో పోల్చినప్పుడు సరిపోకపోతే కంగారు పడకండి. ఆరో ఎక్సాన్ దాటేసిన ఎంఆర్ఎన్ఏ నుంచి పొర దాటే భాగం లేని, బయటికి కారిపోయే ఫాస్ వస్తుంది, ప్రైమర్లు దాన్ని కూడా లెక్కపెట్టేస్తాయి. డీఎక్స్2 చూసేది కణం మీద మిగిలినదాన్నే.

ఫిక్స్ చేయాలనుకుంటే స్టెయిన్ చేశాక చేయండి. 1 నుంచి 2 శాతం పారాఫార్మాల్డిహైడ్ ఫరవాలేదు. మెథనాల్ పోస్తే పీఈ, ఏపీసీ రెండూ ప్రొటీన్లే కాబట్టి రంగు మొత్తం పోతుంది.

చంపడానికి వాడడం గురించి. డీఎక్స్2 ఒంటరిగా కణాల్ని పెద్దగా చంపదు, కాని క్రాస్‌లింక్ చేస్తే, అంటే ఆ యాంటీబాడీల్ని ఒకదానితో ఒకటి కట్టి రిసెప్టర్లని ఒకచోటికి లాగితే, చంపుతుంది. కొలవడానికి పెట్టిన యాంటీబాడీయే కణాల్ని చంపుతుంటే కంచే చేను మేసినట్టు. అందుకే స్టెయిన్ చేసి సార్ట్ చేసిన కణాల్ని తిరిగి కల్చర్‌లో పెట్టేవాళ్లు, ముఖ్యంగా సీడీ95 చూసి స్టెమ్ సెల్ మెమరీ కణాల్ని ఏరుకునేవాళ్లు, ఇది గుర్తుంచుకోవాలి. డీఎక్స్2 లేకుండా ఏరిన గుంపు ఒకటి పక్కన పెట్టి బతుకు పోల్చండి. కావాలనే చంపాలంటే క్రాస్‌లింకర్‌గా ప్రొటీన్ జీ వాడండి, ప్రొటీన్ ఏ మౌస్ ఐజీజీ1ని బలహీనంగానే పట్టుకుంటుంది. సంరక్షకంగా సోడియం అజైడ్ ఉన్న మామూలు వయల్ దీనికి పనికిరాదు. లెక్క చూడండి: మిల్లీలీటర్‌కి 0.5 మిల్లీగ్రాముల యాంటీబాడీ, 0.09 శాతం అజైడ్ ఉన్న వయల్‌ని మిల్లీలీటర్‌కి 10 మైక్రోగ్రాముల మోతాదుకి 50 రెట్లు పలచన చేస్తే కల్చర్‌లో సుమారు 0.28 మిల్లీమోలార్ అజైడ్ మిగులుతుంది. మైటోకాండ్రియాని ఇబ్బంది పెట్టే విషం అది. అప్పుడు చచ్చిన కణాలు ఫాస్ వల్ల చచ్చాయా, అజైడ్ వల్లా? అజైడ్ లేని, ఎండోటాక్సిన్ తక్కువ ఉన్న రకం విడిగా అమ్ముతారు, అది కొనండి. మా మాట వింటే ఈ పనికి సీహెచ్11 లేదా ఈఓఎస్9.1 కొనండి. జర్కాట్‌కి మిల్లీలీటర్‌కి 100 నానోగ్రాముల సీహెచ్11తో మొదలుపెట్టి, 4 నుంచి 6 గంటల్లో కాస్పేస్ (కణం చావుని నడిపే ఎంజైమ్) చూడొచ్చు. జెడ్‌బీ4 ముందుగా ఇచ్చిన ట్యూబులో చావు ఆగాలి.

ఇప్పుడు మొదట్లో అన్న మాట దగ్గరికి: ఫాస్ కనబడితే చావుకి సిద్ధమని కాదు. టీ కణాల్ని ఫైటోహీమాగ్లుటినిన్ అనే ఉత్తేజకంతో లేపితే మొదటి రోజుల్లోనే ఫాస్ పైకొస్తుంది, డీఎక్స్2 వెలిగిపోతుంది. కాని మొదటి రోజు కణాలు ఫాస్ చావుకి లొంగవు, టీ కణాల్ని పెంచే ఐఎల్-2లో పెంచాక ఆరో రోజు కణాలు లొంగుతాయి. రిసెప్టర్ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది, మారింది లోపలి యంత్రం. ఫాస్ లోపలి భాగం దగ్గర ఫాడ్, కాస్పేస్-8 అనే ప్రొటీన్లు కలిసి కట్టే, చావు సంకేతం మొదలుపెట్టే సముదాయం (డిస్క్) గురించి ఉపరితల యాంటీబాడీకి ఏం తెలుస్తుంది?

ఆసుపత్రి ల్యాబుల్లో ఇది మరీ ముఖ్యం. ఆల్ప్స్ అనే ఆటోఇమ్యూన్ లింఫోప్రొలిఫరేటివ్ సిండ్రోమ్‌లో ఎక్కువమందికి ఫాస్ జీన్ ఒక ప్రతిలోనే, తరచుగా డెత్ డొమైన్‌లో (చావు సంకేతాన్ని అందించే భాగంలో) తప్పు ఉంటుంది. డెత్ డొమైన్ కణం లోపల ఉంటుంది, డీఎక్స్2 పట్టుకునేది బయటి భాగం. అందుకని ఆ పిల్లల కణాల మీద స్టెయినింగ్ మామూలుగానే రావచ్చు. రిసెప్టర్లు మూడేసి కలిసి పనిచేస్తాయి కాబట్టి ఒక్క చెడ్డది చేరినా గుంపు చెడుతుంది, సంఖ్య మాత్రం తగ్గదు. రెండు ప్రతులూ పోయిన అరుదైన పిల్లల్లోనే ఉపరితలం ఖాళీగా కనిపిస్తుంది. కాబట్టి "సీడీ95 నార్మల్, ఆల్ప్స్ కాదు" అని రిపోర్టు రాయడం ప్రమాదం. చూడాల్సింది టీసీఆర్ ఆల్ఫా-బీటా (టీ కణాల మామూలు రిసెప్టర్) ఉండి సీడీ4, సీడీ8 రెండూ లేని కణాలు: మొత్తం లింఫోసైట్లలో 1.5 శాతం, లేదా సీడీ3 కణాల్లో 2.5 శాతం అన్నది 2009 వర్క్‌షాపులో పెట్టుకున్న గీత. తర్వాత చావు పరీక్ష, జీన్ సీక్వెన్సింగ్.

వెస్టర్న్‌కి ఇది వద్దన్నాం. బయటి భాగంలో డైసల్ఫైడ్ బంధాలతో బిగిసిన మూడు సిస్టీన్ డొమైన్లు ఉంటాయి. మరిగించి, రెడ్యూస్ చేస్తే ఆ మడతలు విప్పుకుంటాయి. జెల్ మీద చూడాలంటే సెల్ సిగ్నలింగ్ వాళ్ల కుందేలు మోనోక్లోనల్ సీ18సీ12 లాంటిది తీసుకోండి. లెక్క ప్రకారం ఫాస్ 38 కిలోడాల్టన్లు, చక్కెరలు అంటుకుని 40 నుంచి 50 మధ్య వెడల్పాటి మసక బ్యాండుగా వస్తుంది. సన్నని గీత రాలేదని బాధపడకండి, పీఎన్‌గేజ్ ఎఫ్‌తో చక్కెర తీసేస్తే కిందికి దిగి బిగుసుకుంటుంది.

నిల్వ 2 నుంచి 8 డిగ్రీలు, చీకటి. రంగు కట్టినదాన్ని గడ్డకట్టిస్తే పీఈ, ఏపీసీ పాడవుతాయి. కొత్తగా చేరినవాళ్లు "యాంటీబాడీ" అనగానే మైనస్ 20లో పెట్టే అలవాటు ఒకటుంది, వయల్ మీద ముందే పెద్దగా రాసిపెట్టండి. ఫ్రిజ్ వెనక గోడకి ఆనించినా అదే ప్రమాదం, అక్కడ మంచు పట్టే ఫ్రిజ్‌లు చాలా. హైదరాబాద్ లాంటి చోట ఏప్రిల్, మే నెలల్లో పార్సిల్ శుక్రవారం సాయంత్రం దిగేలా తెప్పించుకోకండి. శని, ఆదివారాలు స్టోర్స్‌లో గడిపితే జెల్ ప్యాకులు నీళ్లవుతాయి. వచ్చిన రోజే పాత లాట్, కొత్త లాట్ ఒకే దాత పీబీఎంసీ మీద పక్కపక్కన నడిపి మీడియన్‌లు వయల్ మీద అంటించుకోండి. పాత వయల్ ఖాళీ అయ్యేదాకా ఆగితే పోల్చడానికి ఏమీ మిగలదు.